బంకులో చుట్టరికాలుండవు

మొన్న మళ్ళీ పెట్రోలు రేటు పెరిగింది. పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి అందరి నోటా అదే మాట. యుద్ధం వల్లనని ఒకరు, డాలరు వల్లనని ఒకరు, ఎన్నికలు అయిపోయాయి కదా ఇంక మనతో పనేముందని ఇంకొకరు.  ఇలాంటి రోజున నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. చీర మీద బంకువాళ్ళు ఇచ్చిన చొక్కా తొడుక్కుని, కొప్పు మీద టోపీ నిలవక మాటిమాటికీ సర్దుకుంటూ, పంజాగుట్ట చౌరస్తాకి కాస్త ఇవతల పెట్రోలు పోస్తూ నిలబడే మనిషి. ఆమె పోయి ఏడాది దాటింది.

యూసుఫ్‌గూడలో మేము అద్దెకుండే ఇంటి డాబా మీద ఒంటి గది వాళ్ళది. ఆమె, ఆమె భర్త, ఇద్దరే. పిల్లలు లేరు. ఆమె బంకులో పని చేసేది, ఆయన ఆటో నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వీధిలో ఆమెని అందరూ ‘బంకు అక్క’ అనేవారు. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఆయన్ని ముందు నడిపించుకుంటూ చర్చికి వెళ్ళేది. వెనక నడిస్తే ఆయన మధ్యలో టీ కొట్టు దగ్గర మాయమైపోతాడని ఆమె భయం.

చేతులకి పెట్రోలు వాసన పోదని అన్నం చెంచాతో తినేది. సబ్బుతో తోమినా, నిమ్మచెక్కతో రుద్దినా పోదట. “పప్పుచారు సుత పెట్రోలు లెక్కనే కొడ్తది చెల్లె” అని నవ్వేది.

మేము ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఒకరోజు ఆఫీసు టైమైపోతోందని స్కూటర్ మీద ఆమె బంకుకి వెళ్ళాను. పెద్ద లైను. పక్కనుంచి ముందుకి పోయి, ఆమెని చూసి నవ్వాను. పైన ఉండే మనిషే కదా అన్న ధైర్యం. ఆమె నన్ను ఎన్నడూ చూడనట్టు చూసి, “మేడం, లైన్ల రండి” అంది. మెడ తిప్పి తర్వాతి బండికి పైపు అందుకుంది. నాకు మొహం మాడిపోయింది. ఆ సాయంత్రం ఆమే గిన్నెలో సర్వపిండి ముక్కలు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

“కోపమొచ్చిందా చెల్లె? బంకుల చుట్టరికాలుండవ్. ఒక్కరిని ముందుకు రానిస్తే ఎనకున్నోళ్ళందరి మొఖం ఎట్ల జూడాలె?”

ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను. ఇంటి ఓనరుకీ అదే మాట, చర్చి పాస్టరు గారికీ అదే మాట. పాస్టరు గారు నొచ్చుకోకుండా నవ్వి, లైన్లో నిలబడ్డారని చెప్పుకునేవారు.

బంకులో పని చేసేవాళ్ళంతా పెట్రోలు పోసే ముందు మీటరు చూపించి జీరో చూసుకోమంటారు. చాలామంది ఆ మాట గాల్లోకి అనేస్తారు. ఆమె మాత్రం వేలి కణుపుతో మీటరు అద్దం మీద టకటకా కొట్టి, మనం తల తిప్పి చూసేదాకా పైపు నొక్కేది కాదు. అవతలివాడు ఫోన్లో మాట్లాడుతుంటే ఆగేది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా ఆగేది. “మోసం జేసిందని ఒక్కడన్నా నాకు అన్నం దిగదు” అనేది.

రేటు పెరిగిన రోజు ఎవరెలా ఉంటారో రాత్రి డాబా మీద బట్టలు తీస్తూ నాకు నటించి చూపించేది. కారు పెద్దమనుషులు అద్దం దించకుండానే వేలు పైకెత్తి ‘ఫుల్’ అంటారు, రేటు వైపు చూడనే చూడరు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుంటూ హాస్టళ్ళలో ఉండే పిల్లలు యాభైకే కొట్టమంటారు, ఆ యాభై రూపాయల పెట్రోలూ ట్యాంకు అడుగంతా తడవాలని బండిని అటూ ఇటూ ఊపుతారు. ఆటోవాళ్ళు మటుకు తిడతారు. ఎవరిని తిట్టాలో తెలియక ఎదురుగా ఉన్న ఆమెని తిడతారు. నోట్లు చేతికివ్వకుండా మిషను మీద విసిరికొట్టినవాడున్నాడు. ఇంటికి పోయి నీ మొగుణ్ణి అడుక్కోపో అన్నవాడూ ఉన్నాడు. ఎందుకు పెరిగింది, నిన్నలేనిది ఈ రోజెందుకు పెరిగింది అని ప్రతివాడూ ఆమెనే అడిగేవాడు. 

“ఒకాయన యుద్ధమంటడు, ఒకాయన టాక్సులంటడు. జవాబు ఆళ్ళే చెప్తరు, మల్ల నన్నే అడుగుతరు” అనేది.

అందరికంటే ఎక్కువ తిట్టేది ఆమె భర్తే. ఆయనకి వేరే బంకే కనపడదు. ఎక్కడ సవారీ దింపినా, తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చి లైన్లో నిలబడేవాడు. తన వంతు రాగానే సీట్లో నిటారుగా కూర్చుని, బంకంతా వినపడేలా, “మీవోళ్ళకి ఇంకా కడుపు నిండలేదా?” అని మొదలుపెట్టేవాడు. రేటు పెంచింది ఆమే అయినట్టు, నిన్న రాత్రి ఆయన పక్కన పడుకుని లేచి వెళ్ళి పెంచేసి వచ్చినట్టు. ఆమె మొహం కదలనిచ్చేది కాదు. అద్దం మీద టకటకా కొట్టి, “జీరో చూసుకోండి సార్” అనేది. ఆ ‘సార్’ అన్న మాటకి తెలిసినవాళ్ళంతా నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు, కాకపోతే కాస్త దూరం పోయాక.

ఆయన ఎవరినీ నమ్మే మనిషి కాదు. టీవీలో వానొస్తుందంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళేవాడు. డాక్టరు రక్తపోటు ఉందని మాత్రలు రాస్తే, కమీషన్ కోసం రాశాడని సగమే వేసుకునేవాడు. ఆమె వెనకాలే తిరిగి మిగతా సగం మింగించేది.

ఆ రోజు మే నెల మధ్యాహ్నం. చాలాకాలంగా కదలకుండా ఉన్న రేటు తెల్లారితే ఒక్కసారిగా పెరుగుతుందని అప్పటికే ఊరంతా పాకిపోయింది. లంచ్ టైములో నేనూ స్కూటర్ తీసుకుని బంకుకి వెళ్ళాను. లోపలికి పోయే దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకి అట్టముక్క వేలాడుతోంది: స్టాక్ లేదు. తాడు బయట బళ్ళు రోడ్డు మీదిదాకా నిలబడి ఉన్నాయి. కొందరు నిజంగానే లేదా అని అరుస్తున్నారు. కొందరు ట్యాంకరు వస్తుందేమోనని ఎండలో తలమీద జేబురుమాలు వేసుకుని కాచుకుని ఉన్నారు. మేనేజరు గదిలో ఏసీ కింద కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. తాడు దగ్గర ఆమెని నిలబెట్టారు.

నేను దగ్గరికి వెళ్ళేసరికి, “లేదు మేడం, ట్యాంకర్ రాలేదు” అంది. నా మొహం వైపు కాకుండా నా స్కూటర్ అద్దం వైపు చూస్తూ అంది. ఎండకి అలసిపోయిందనుకున్నాను. నీడ కనబడితే నేనూ బండి ఆపి, ఇంకో బంకు ఎక్కడుందా అని ఫోన్లో చూస్తూ నిలబడ్డాను.

అప్పుడే ఆయన వచ్చాడు. ఆటో ఇంజను ఆగిపోయింది కాబోలు, దిగి తోసుకుంటూ వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. తాడు దాకా వచ్చి ఆమెని చూశాడు. ఆమె వెనక అద్దం గదిలో మేనేజరు లేచి నిలబడ్డాడు.

“లేదా?” అన్నాడు ఆయన.

“లేదు” అంది ఆమె.

ఆయన ఇప్పుడు మొదలుపెడతాడని, చుట్టూ ఉన్నవాళ్ళకి కాస్త నవ్వు దొరుకుతుందని నేననుకున్నాను. ఆయన, “సరే” అన్నాడు. అంతే. ఆటో తిప్పుకుని, ఒక చేత్తో హ్యాండిలూ ఒక చేత్తో పక్క కడ్డీ పట్టుకుని, అమీర్‌పేట వైపు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మామూలు రోజైతే వెనక నుంచి ఇంకో ఆటోవాడు కాలు ఆనించి బంకుదాకా నెట్టుకుపోయేవాడు. ఆ రోజు ఎవరి బండిలోనూ పక్కవాడికి పెట్టేంత లేదు.

అమీర్‌పేట దారిలో ఆయన ఇంకో బంకు దగ్గర ఆగాడని తర్వాత తెలిసింది. అక్కడా తాడే, అక్కడా అట్టముక్కే. అది దాటి ఇంకా ముందుకి తోశాడు. మెట్రో స్తంభం నీడలో ఆటో ఆపి, దాని చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు తాగి పడుకున్నాడనుకున్నారు. పక్కనే చెరకురసం అమ్మే ఆవిడ అనుమానం వచ్చి మొహం మీద నీళ్ళు చల్లింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం లేదు. వడదెబ్బ అన్నారు.

ఆసుపత్రికి ఆమె బంకు చొక్కాతోనే వచ్చింది. ఏడవలేదు. ఆయన అరచేతులు తిప్పి చూసింది. ఆటో కడ్డీ తుప్పు రెండు చేతులకీ ఎర్రగా అంటుకుని ఉంది. కొంగు తడిపి అది తుడుస్తూ కూర్చుంది. తెల్లారేసరికి రేటు పెరిగింది, బంకులన్నీ తాళ్ళు విప్పేశాయి. మేము సమాధుల తోటకి వెళ్ళే దారిలో బళ్ళు వరసగా నిలబడి పెట్రోలు పోయించుకుంటున్నాయి. అందరూ కొత్త రేటే ఇస్తున్నారు.

కొన్ని వారాలకి ఆమె మళ్ళీ బంకులో పనికెక్కింది. వెళ్ళకపోతే గది అద్దె ఎవరు కడతారు? అయితే టోపీ సర్దుకోవడం మానేసింది. అది ఒక పక్కకి జారిపోయి ఉండేది. అద్దం మీద కొట్టడం మానలేదు గాని, మనం చూశామో లేదో ఆమె చూసేది కాదు. ఎవరైనా తిడితే తలవంచుకుని వినేది. ఎంత తిడితే అంతసేపు వినేది. తిట్టేవాడికే చివరికి ఏదోలా అయిపోయి బండి తీసేవాడు. ఆదివారాలు చర్చికి వెళ్ళేది కాదు. పాస్టరు గారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, దేవుడి చిత్తం అన్నారట. “దేవునికి పెట్రోలు రేటుతోని ఏం పని అయ్యగారూ” అందట ఆమె. ఆయన మరి రాలేదు.

ఒక సాయంత్రం డాబా మీద ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి తనే చెప్పింది. ఆ రోజు నేల కింద ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. పొద్దుననే వచ్చింది. తెల్లారితే కొత్త రేటుకి అమ్ముకోవచ్చని మధ్యాహ్నం నుంచి ఆపేశారు. ఎవరికైనా చెబితే ఉద్యోగం ఉండదని మేనేజరు ముందే చెప్పాడు. ఆయన ఆటో తోసుకుంటూ వస్తుంటే దూరం నుంచే చూసిందట. దగ్గరికి వచ్చేలోపు ఎన్నో అనుకుందట. కన్ను గీటుదామా, సాయంత్రం వెనక గేటుకి రమ్మందామా అని. వెనక అంతమంది ఎండలో నిలబడి ఉన్నారు, వాళ్ళకి లేదని చెప్పి తన మొగుడికి ఉందని ఎలా చెప్పడం?

నేను నాకు తోచిన మాటలు చెప్పాను. తప్పు మేనేజరుదని, ఆమె చేతిలో ఏముందని. ఆమె విన్నట్టు లేదు.

“ఎవ్వరినీ నమ్మనోడు చెల్లె. డాక్టర్ని నమ్మకపాయె, టీవీని నమ్మకపాయె. నేను లేదన్న, నమ్మిండు. జర తిట్టినా బాగుండు.”

“నమ్మలేదేమో అక్కా. ఉండి కూడా లేదంటున్నావని కనిపెట్టి, గట్టిగా అడిగితే నీ ఉద్యోగం పోతుందని ఊరుకున్నాడేమో” అన్నాను. ఓదార్పు అవుతుందనుకున్నాను.

ఆమె నా వైపు తిరిగింది. “గట్లయితే ఇంకా ఘోరం గద చెల్లె” అంది.

 కింద వీధిలో ఎవరో బండి కిక్కు కొడుతున్నారు, అది అందుకోవడం లేదు. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

చలికాలం మొదట్లో మళ్ళీ రేటు పెరుగుతుందన్న మాట వచ్చింది. పొద్దుననే మళ్ళీ తాడు కట్టి, లేదని చెప్పి బళ్ళని ఆపేశారు. ఆ రోజు నేను అక్కడ లేను. జరిగింది ఆమే చెప్పింది, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు. మేనేజరు అట్టముక్క చేతికిస్తే, తీసుకుని మడిచి చెత్తడబ్బాలో వేసిందట. తాడు విప్పి, బళ్ళని రమ్మని చెయ్యి ఊపి, మిషను దగ్గర నిలబడి పోయడం మొదలుపెట్టిందట. మేనేజరు అరుస్తూ బయటికి వచ్చినా పైపు వదల్లేదట.

“అప్పుడు జనం ఏమన్నారక్కా?” అని అడిగాను. సంతోషించి ఉంటారని నా ఆశ.

వాళ్ళు ఆమెనే తిట్టారు. పొద్దుటినుంచి ఉంచుకుని లేదన్నారు కదా దొంగల్లారా అన్నారు. లైను నిలవలేదు. ఒకరిమీద ఒకరు పడ్డారు. డబ్బాలు, సీసాలు పట్టుకొచ్చారు. లైన్ల రండి, లైన్ల రండి అని ఆమె అరుస్తూనే ఉంది. ఒకడు ఆమె చేతిలోంచి పైపు లాక్కున్నాడు. పెట్రోలు ఆమె చీర మీదంతా చిమ్మింది. మేనేజరు లోపలికి పోయి మెయిన్ స్విచ్ కట్టేశాడు. పోయించుకున్నది పట్టుమని పదిమంది కూడా కాదు. మిగతావాళ్ళు ఆమె వైపు రాళ్ళేస్తారా అన్నట్టు చూశారట. ఆమెని అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. తెల్లవారి రేటు మామూలుగానే పెరిగింది.

“ఆయన కోసం జేసిన అనుకున్న” అంది. “ఆయనకేం ముట్టలే.”

తర్వాత ఆమె గది ఖాళీ చేసి, ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకి చేరింది. అక్కడే ఓ మూల పడక. వీలైనప్పుడు వెళ్ళి చూసొచ్చేదాన్ని. ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి కనబడేది. షుగరు ఉందని తెలిసినా మాత్రలు వేసుకునేది కాదు. హాస్టల్ పిల్లలు మంచివాళ్ళే, ఆంటీ ఆంటీ అని తిరిగేవారు. ఆమె వాళ్ళకి వేడన్నం వడ్డించి, తను తినడానికి చల్లారేదాకా కూర్చుని, చల్లారాక మూత పెట్టేసేది.

ఒకసారి మాటల్లో నేనే, బుద్ధిలేక, మళ్ళీ రేటు పెరిగిందక్కా అన్నాను. ఆమె చపాతీ తిప్పుతున్న చెయ్యి ఆగింది.

“ఎంతయింది?” అంది.

చెప్పాను.  “మల్ల ఎవల్ని తిడుతున్రో పాపం” అంది. పెనం మీద చపాతీ మాడిపోతుంటే, తీసి పక్కన పెట్టింది.

ఆ వానాకాలమే జ్వరం తగిలి, హాస్టల్లోనే పోయింది. మెదక్ నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. పాస్టరు గారు వచ్చారు. హాస్టల్ పిల్లలు నలుగురు తడుస్తూ వచ్చారు. శవపేటిక తీసుకెళ్ళే బండి డ్రైవరు ముందు చెప్పిన దానికంటే ఎక్కువ అడిగాడు. డీజిల్ పెరిగిందన్నాడు. ఆమె తమ్ముడు ఒక్క మాట అనకుండా ఇచ్చేశాడు.

సమాధుల తోటలో ఆయన పక్కన చోటు లేదన్నారు. గోడ వారగా కొత్తగా ఇచ్చిన జాగాలో ఆమెని దించారు. మట్టి వేయడం అయ్యాక, బావ సమాధి ఎక్కడుందో చూద్దామని ఆమె తమ్ముడు నన్నడిగాడు. రాయి వేయించే స్తోమత లేక ఆ రోజుల్లో కర్ర శిలువ ఒక్కటే పాతారు. ఇద్దరం గొడుగు కింద వరస తర్వాత వరస తిరిగాం. కర్ర శిలువలు చాలావరకు వానకి కూలిపోయి ఉన్నాయి. కొన్నిటి మీద పేర్లు చెరిగిపోయాయి. ఇదేనేమో అని ఒకచోట ఆగాడు, కాదేమో అని ఇంకోచోటికి నడిచాడు. చేతిలో తెచ్చిన పూలు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. గేటు వేసే టైమైందని కాపలాదారు పిలిచాడు. ఆ పూలు అలాగే పట్టుకుని బయటికి వచ్చేశాం.